చిన్నపిల్లలకు పెద్దల తరహా దుస్తులు వేయవచ్చా?

వేయవచ్చు, అయితే పెద్దల దుస్తుల నమూనాను తీసుకోవాలే తప్ప వాటి బరువును, బిగువును, పొడవును పిల్లల మీద మోపకూడదు. పసివారి శరీర బరువుతో పోలిస్తే చర్మ వైశాల్యం ఎక్కువ, చెమట పట్టడం పెద్దలకన్నా తక్కువ కనుక, మే నెలలో 40 డిగ్రీలు దాటే తిరుపతి ఎండలో అస్తరు వేసిన కోటు గానీ జరీ నిండిన పట్టు గానీ వారిని త్వరగా వేడెక్కిస్తుంది. పైగా పిల్లలు కుదురుగా కూర్చోరు, కూర్చోవాలని మనం ఆశించడమే అన్యాయం.

ఉదాహరణకు, అలిపిరి మెట్లదారిలో నడిచే ఐదేళ్ల పాపకు కుచ్చిళ్లు ముందే కుట్టిన చీర కడితే, ఇంచుమించు 3,550 మెట్ల పొడవునా అంచు కాళ్లకు అడ్డుపడుతూనే ఉంటుంది. అదే శ్రీకాళహస్తి కలంకారీ నూలు బట్టతో చీలమండకు పైన ఆగే పావడా, వదులైన జాకెట్టు కుట్టిస్తే ముచ్చటా తీరుతుంది, నడకా సాగుతుంది. అబ్బాయికి నడుముకు ఎలాస్టిక్ ఉన్న పంచె చాలు. మెడ చుట్టూ బిగిసే తాళ్లు, ఊడివచ్చే పూసలు మాత్రం ఊపిరికి అడ్డుపడే ముప్పు ఉన్నందున వద్దేవద్దు.

సంప్రదాయ దుస్తులు ఏ వయసుకైనా తగినవేనని, ఇబ్బందంతా జీన్సు, సూట్లతోనేనని చాలామంది అనుకుంటారు. నిజానికి మన సంప్రదాయమే ఆడపిల్లలకు చిన్నప్పుడు పావడా, ఈడేరాక ఓణీ, ఆ తర్వాతే చీర అని వయసును బట్టి వేరు చేసింది. మెత్తని నూలు ప్యాంటు కన్నా బిగుతైన పట్టు జాకెట్టే పసివారిని ఎక్కువగా బాధించవచ్చు.