పాత క్యాంపర్ వ్యాన్‌లో స్పీడోమీటర్ మార్చే ముందు

ముల్లు కొన్నాళ్లు వణికి చివరికి సున్నా దగ్గర ఆగిపోయిందని, మీటరు మొత్తం మార్చాలా అని మీరు అడిగారు. నా పాత వ్యాన్‌లోనూ అదే జరిగింది. నేను తొందరపడి ముందు మీటరు కొని, ఆ తరువాత కారణం వెతికాను.

కేబుల్‌తో నడిచే మీటరులో గుండ్రంగా తిరిగే అయస్కాంతం ఒక చిన్న అల్యూమినియం గిన్నెను తనతోపాటు తిప్పబోతుంది, సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది, ఆ రెండూ సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. కిలోమీటర్ల అంకెలు మాత్రం అదే కేబుల్ నుంచి పళ్లచక్రాల ద్వారా తిరుగుతాయి. కాబట్టి ముల్లు కదలకపోయినా అంకెలు మారుతుంటే లోపం మీటరులోనే ఉంది. రెండూ ఆగిపోతే ముందుగా కేబుల్‌ను అనుమానించండి. దాన్ని రెండు వైపులా విప్పి, లోపలి తీగను ఒక కొన దగ్గర వేళ్లతో తిప్పితే రెండో కొన కూడా తిరగాలి. నా వ్యాన్‌లో తిరగలేదు, తీగ కింది కొనకు దగ్గరలో తెగిపోయి ఉంది. ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వంటి వాటిలో ఈ కేబుల్ గేర్‌బాక్స్ నుంచి కాక ఎడమ ముందు చక్రం నుంచి వస్తుంది కనుక, అక్కడి కొన చక్రం మూతలో సరిగా కూర్చుందో లేదో కూడా చూడాలి.

కొత్త కేబుల్ వేశాక రెండో పొరపాటు బయటపడింది. నేను కొన్న మీటరు కొలతకు సరిగ్గా సరిపోయింది గాని, కిలోమీటరుకు కేబుల్ 1000 చుట్లు తిరిగే నా వ్యాన్‌కు అది 800 చుట్లకు తయారైనది. ఫోన్‌లోని జీపీఎస్ 60 చూపుతుంటే ముల్లు 75 దగ్గర నిలిచింది, అంకెలు కూడా అదే నిష్పత్తిలో పరుగెత్తాయి. ఈ సంఖ్య చాలా మీటర్లలో డయల్ మీదే చిన్న అక్షరాలతో ఉంటుంది. పాతదానితో పోల్చకుండా కొనకండి. చివరికి నేను పాత మీటరునే తిరిగి బిగించాను, అది ఇప్పటికీ పనిచేస్తోంది.

మీటరే చెడిందని తేలితే, బ్యాటరీ తీగ విప్పి, వెనక ఉన్న బల్బుల తీగలను ఫోటో తీసుకుని, పాత అంకెలను తేదీతో సహా సర్వీసు పుస్తకంలో రాసిన తరువాతే దాన్ని బయటికి తీయండి. కేబుల్‌ను మాత్రం ఇరుకుగా వంచవద్దు, పై కొనకు గ్రీజు పూయవద్దు; అది మీటరులోకి పాకి ముల్లును పట్టేస్తుంది.