కెమెరా కంపెనీలు నిలుస్తాయా? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: పద్దెనిమిదేళ్లుగా పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తున్నాను. నా దగ్గర రెండు నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరా) బాడీలు, ఐదు లెన్సులు ఉన్నాయి. చదువు పూర్తిచేసి నాతోపాటే పనిచేస్తున్న మా అబ్బాయి ఆ అద్దం లేని కొత్త తరహా మిర్రర్‌లెస్ కెమెరాలకు మారదామని పట్టుబడుతున్నాడు. బాడీ, లెన్సులు అన్నీ కలిపి నాలుగైదు లక్షలు అయ్యేలా ఉంది. తీరా కొన్నాక ఆ కంపెనీయే మూతపడితే మా గతి ఏమిటి? అసలు పదేళ్ల తర్వాత కెమెరాలు తయారుచేసేవాళ్లు మిగులుతారా?
– ఒక స్టూడియో యజమాని, తణుకు

జవాబు: మీ భయం ఊరికే పుట్టినది కాదు. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో కర్మాగారాల నుంచి బయటికి వెళ్లిన డిజిటల్ కెమెరాలు సుమారు 12 కోట్ల 15 లక్షలు కాగా, 2023లో వెళ్లినవి సుమారు 77 లక్షలు మాత్రమే. అంటే 2010లో పదహారు కెమెరాలు అమ్మినచోట 2023లో ఒక్కటి అమ్ముడైంది. ఏ వ్యాపారికైనా గుండె జారిపోయే అంకె ఇది. అయితే అదే లెక్కలో రెండో వరుస చాలామంది చూడరు. 2010లో ఆ కెమెరాల విలువ 1 లక్షా 64 వేల కోట్ల యెన్లు ఉంటే, 2023లో అది సుమారు 71 వేల కోట్ల యెన్లు. సంఖ్య పదహారో వంతుకు పడిపోయినా డబ్బు సగానికి కొంచెం తక్కువగానైనా నిలిచింది. ఒక్కో కెమెరా సగటు ధర దాదాపు ఏడు రెట్లు పెరగడమే దానికి కారణం.

పోయినవి ఏవో చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 2010 నాటి కెమెరాలలో పది కోట్లకు పైగా జేబులో పట్టే చిన్న కాంపాక్ట్ కెమెరాలే. తిరుపతి యాత్రకో పిల్లవాడి పుట్టినరోజుకో ఇంట్లో ఒకటి ఉండాలని కొన్న ఆ కెమెరాల పనిని ఫోను పూర్తిగా తీసేసుకుంది. కాసియో 2018లో కాంపాక్ట్ కెమెరాల నుంచి తప్పుకోవడానికి కారణం అదే. లెన్సు మార్చుకునే కెమెరాలకూ దెబ్బ తగలకపోలేదు. 2012లో రెండు కోట్లు దాటిన వాటి సంఖ్య 2023 నాటికి 60 లక్షల దరిదాపులకు వచ్చింది. కానీ ఆ 60 లక్షలు కొంటున్నవాళ్లు మీలాంటివాళ్లు, అంటే కెమెరాతో కూడు సంపాదించుకునేవాళ్లు, లేదా దాని మీద నిజమైన మక్కువ ఉన్నవాళ్లు. వాళ్ల చేతిలోని పని ఫోనుతో జరిగేది కాదు కాబట్టి ఈ భాగం ఇంకా కొంత తగ్గినా పూర్తిగా మాయమవుతుందని నేను అనుకోవడం లేదు.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. కంపెనీ బతకడం వేరు, మౌంటు బతకడం వేరు. మీరు పెట్టుబడి పెడుతున్నది కంపెనీ షేర్ల మీద కాదు, బాడీకి లెన్సు తగిలించే ఆ గుండ్రటి లోహపు పట్టీ మీద. ఈ తేడా తెలియజేసే రెండు ఉదాహరణలు చెబుతాను. మినోల్టా అనే జపాన్ కెమెరా సంస్థ 1985లో తెచ్చిన మౌంటు ఉంది. ఆ సంస్థ కోనికా అనే మరో సంస్థతో కలిసి, చివరికి 2006లో కెమెరాల నుంచే తప్పుకుంది. అయినా ఆ మౌంటును సోనీ తీసుకుని, అదే ఏడాది తన మొదటి ఆల్ఫా కెమెరాకు పెట్టి, 2021 దాకా నడిపింది. తయారుచేసిన సంస్థ వెళ్లిపోయాక కూడా మౌంటు పదిహేనేళ్లు బతికింది. దీనికి పూర్తి విరుద్ధంగా కెనన్ 2012లో ఈఓఎస్ ఎం అనే చిన్న మిర్రర్‌లెస్ కెమెరాల వరుస మొదలుపెట్టి 2023లో ఆపేసింది. కెనన్ ఈనాటికీ ప్రపంచంలో అత్యధికంగా కెమెరాలు అమ్మే సంస్థ. కానీ ఆ వరుస లెన్సులు కొన్నవారికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఆ లెన్సులు సెన్సరుకు, అంటే బాడీలో బొమ్మను పట్టుకునే చిప్పుకు, 18 మిల్లీమీటర్ల దూరంలో కూర్చునేలా చేసినవి. కెనన్ కొత్త ఆర్ఎఫ్ మౌంటులో ఆ దూరం 20 మిల్లీమీటర్లు. దూరం తక్కువైన లెన్సును దూరం ఎక్కువైన బాడీకి అడాప్టర్‌తో (లెన్సుకూ బాడీకీ మధ్య బిగించే రింగుతో) తగిలించడం కుదరదు, ఎందుకంటే అడాప్టర్ దూరాన్ని పెంచగలదే గానీ తగ్గించలేదు. రెండే రెండు మిల్లీమీటర్లు ఆ లెన్సులను బీరువాలో పెట్టించాయి.

మీ నికాన్ విషయంలో లెక్క మీకు అనుకూలంగా ఉంది. 1959 నుంచి వస్తున్న పాత ఎఫ్ మౌంటులో ఈ దూరం 46.5 మిల్లీమీటర్లు, 2018లో వచ్చిన జడ్ మౌంటులో 16 మిల్లీమీటర్లు. మధ్యలో అడాప్టర్‌కు కావలసినంత చోటు ఉంది కాబట్టి మీ ఐదు లెన్సులూ కొత్త బాడీకి తగులుతాయి. తగిలినంత మాత్రాన పనిచేస్తాయని మాత్రం అనుకోకండి. లెన్సు మీద ఏఎఫ్-ఎస్ అని రాసి ఉంటే మోటారు లెన్సులోనే ఉన్నట్టు, అది కొత్త బాడీ మీద తనంతట తానే ఫోకస్ చేస్తుంది. మన స్టూడియోలలో ఎక్కువగా కనిపించే పాత 50 ఎంఎం డి రకం లెన్సులో మోటారు ఉండదు. డీఎస్‌ఎల్‌ఆర్ బాడీలోని మోటారు ఒక చిన్న స్క్రూ ద్వారా దాన్ని తిప్పుతుంది. నికాన్ అడాప్టర్‌లో ఆ స్క్రూ లేదు. నా దగ్గరున్న అలాంటి లెన్సును అడాప్టర్‌కు తగిలించి చూశాను. బొమ్మ చక్కగానే వస్తుంది గానీ ఫోకస్ రింగు చేత్తో తిప్పుకోవలసిందే. తాళికట్టు వేళ అది అయ్యే పని కాదు.

ఇలాంటి చిక్కులు ఉన్నా మీ అబ్బాయి మాటలో న్యాయం ఉందనే చెబుతాను. కెనన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ ఏదీ విడుదల చేయలేదు. వాటి పరిశోధన అంతా మిర్రర్‌లెస్ మీదనే సాగుతోంది. పనిలో తేడా కూడా మీకు మొదటి పెళ్లిలోనే తెలుస్తుంది. తలంబ్రాలు పోసుకునేటప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ ఫోకస్ ఎన్నిసార్లు గాలిలోని బియ్యపు గింజల మీదికి పోయి పెళ్లికూతురి ముఖం మసకబారిందో మీకు నేను చెప్పనక్కరలేదు. కొత్త బాడీలు మనిషి కన్నును గుర్తుపట్టి, మధ్యలో గింజలు అడ్డంపడినా చాలావరకు దాన్నే పట్టుకుని ఉంటాయి. జీలకర్ర బెల్లం సమయంలో షట్టరు చప్పుడు లేకుండా తీయడం మరో సౌకర్యం.

కాబట్టి నాలుగైదు లక్షలు ఒక్కసారి పెట్టకండి. ముందు ఒక బాడీ, ఒక అడాప్టర్ కొనండి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు గనుక ఆ నెల రోజులూ మీ లెన్సులన్నిటినీ దాని మీద పరీక్షించండి. పాత బాడీలలో ఒకదాన్ని మాత్రం అమ్మకుండా రెండో కెమెరాగా ఉంచుకోండి. కొత్త మౌంటు లెన్సులను వచ్చే రాబడిలోంచి ఏడాదికి ఒకటి చొప్పున సమకూర్చుకోవచ్చు. అన్నిటికంటే ముందు ఆ కంపెనీ అధికారిక సర్వీసు సెంటరు మీకు ఎంత దూరంలో ఉందో, బాగుచేయడానికి ఎన్నాళ్లు పట్టిందో ఇప్పటికే వాడుతున్న మీ తోటి ఫోటోగ్రాఫర్లను అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: డిజిటల్ కెమెరాను కనిపెట్టిన కొడాక్ దివాలా తీసింది. అదే ఫిల్ము వ్యాపారంలో ఉన్న ఫ్యూజీ ఫిల్మ్ మాత్రం బాగానే ఉంది. కొడాక్ మార్పును గుర్తించలేకపోయిందని మా అధ్యాపకులు చెప్పారు. అంతేనా?
– ఎంబీఏ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: తరగతి గదుల్లో ఎక్కువగా వినిపించే కారణం అదే గానీ, అది సగం నిజమే. కొడాక్ ఇంజినీరు స్టీవ్ సాసన్ 1975లోనే డిజిటల్ కెమెరా నమూనాను తయారుచేశారు. ఒక్క ఫోటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. ఆ తర్వాత కొడాక్ డిజిటల్ కెమెరాలు తయారుచేసింది, అమ్మింది కూడా. మార్పు వస్తోందని వాళ్లకు తెలుసు. తేడా వచ్చింది వేరేచోట. ఫిల్ము కాకుండా తమ చేతిలో ఉన్న విద్య ఏమిటన్న ప్రశ్నకు ఆ రెండు సంస్థలూ ఇచ్చుకున్న జవాబులు వేరు.

ఫిల్ము రోలు అంటే పలుచటి ప్లాస్టిక్ పట్టీ మీద రసాయనాలను జిలాటిన్‌లో కలిపి, వెంట్రుక కన్నా పలుచగా, పొర మీద పొరగా పరచడం. జిలాటిన్ కొలాజెన్ నుంచే వస్తుంది, మన చర్మంలో ఉండేదీ కొలాజెనే. ఫోటో రంగు వెలిసిపోకుండా ఆపే రసాయన శాస్త్రం, చర్మం ముడతలు పడకుండా చూసే రసాయన శాస్త్రం దగ్గర చుట్టాలు. షిగెతాకా కొమోరి నాయకత్వంలో ఫ్యూజీ ఫిల్మ్ ఈ బంధుత్వాన్ని పట్టుకుని సౌందర్య సాధనాలలోకి వెళ్లింది. ఫిల్ముకు అడుగున వాడే ప్లాస్టిక్ పొరను టీవీ, కంప్యూటర్ తెరలకు కావలసిన రక్షణ పొరగా మార్చి అమ్మింది. 2008లో తోయామా కెమికల్ అనే మందుల కంపెనీని కొన్నది. కొడాక్ చేసినది దీనికి సరిగ్గా తలకిందులు. 1988లో స్టెర్లింగ్ డ్రగ్ అనే మందుల సంస్థను కొని 1994లో అమ్మేసింది. అదే ఏడాది తన రసాయనాల విభాగాన్ని వేరుచేసింది. 2007లో వైద్య చిత్రాల విభాగాన్ని కూడా వదులుకుంది. 2012 జనవరిలో దివాలా రక్షణ కోరేనాటికి ఆసరాగా నిలవగలిగిన గోడలన్నిటినీ తానే పడగొట్టుకుని ఉంది. ఈ వరుస చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ గోడలను కట్టినవాళ్లు కూడా అక్కడి ఇంజినీర్లే.

ఈ కొలబద్దతోనే నేటి కెమెరా కంపెనీలను చూడండి. సోనీ తయారుచేసే సెన్సర్లు ఐఫోన్లలో ఉన్నాయని 2022లో ఆపిల్ అధిపతి టిమ్ కుక్ స్వయంగా వెల్లడించారు. ఫోను వల్ల కెమెరా అమ్మకాలు తగ్గినా ఆ ఫోనులోని కన్ను సోనీదే. కెనన్‌కు ప్రింటర్లు ఉన్నాయి, 2016లో కొన్న తోషిబా వైద్య పరికరాల సంస్థ ఉంది. ఒలింపస్ శరీరం లోపలి భాగాలను చూడటానికి డాక్టర్లు వాడే తన ఎండోస్కోపులను ఉంచుకుని, 1936 నుంచి నడుస్తున్న కెమెరాల విభాగాన్ని 2021 జనవరిలో ఒక పెట్టుబడి సంస్థ చేతికి ఇచ్చేసింది. ఆ కెమెరాలు ఓఎం సిస్టమ్ పేరుతో ఇంకా వస్తున్నాయి. పెద్ద సంస్థలలో నన్ను కొంత ఆలోచింపజేసేది నికాన్ ఒక్కటే. చిప్పుల తయారీకి కావలసిన యంత్రాలు కూడా అది చేస్తుంది గానీ, దాని రాబడిలో మూడో వంతుకు పైగా ఇప్పటికీ కెమెరాలు, లెన్సుల నుంచే వస్తోంది. 2021 మార్చితో ముగిసిన ఏడాది దానికి భారీ నష్టం తప్పలేదు. ఆ తర్వాత తక్కువ ధర కెమెరాల వెంటపడటం మాని ఖరీదైన మిర్రర్‌లెస్‌ల మీద దృష్టి పెట్టి కోలుకుంది. 2024లో సినిమా కెమెరాలు చేసే రెడ్ సంస్థను కొనడం కూడా ఆ దారిలోనిదే. నాకు ఇది సరైన నిర్ణయంగానే తోస్తోంది. వీడియో తీసేవారి సంఖ్య పెరుగుతున్న కాలం ఇది.

ప్రశ్న: పదహారేళ్ల మా అమ్మాయి చేతిలో ఖరీదైన ఫోను ఉండగా పాత కాంపాక్ట్ కెమెరా కావాలని గొడవ చేస్తోంది. ఇది నాలుగు రోజుల వేడుకేనా, లేక ఆ కెమెరాలు నిజంగా తిరిగి వస్తున్నాయా?
– ఒక తల్లి, డాలస్

జవాబు: మీ అమ్మాయి ఒక్కతే కాదండీ. ఆ వయసు పిల్లలు చాలామంది ఇప్పుడు అదే అడుగుతున్నారు. ఏళ్ల తరబడి పడిపోతూ వచ్చిన కాంపాక్ట్ కెమెరాల సంఖ్య 2024లో కొద్దిగా పెరిగింది. ఫ్యూజీ ఎక్స్ 100 వరుస కెమెరాల కోసం కొనుగోలుదారులు నెలల తరబడి ఎదురుచూశారు. అయినా ఇది పాత పది కోట్ల రోజులను తిరిగి తెచ్చే గిరాకీ కాదు. కంపెనీలు ఖరీదైన కొత్త మోడళ్లు మరికొన్ని తేవడానికి మాత్రం సరిపోతుంది. పిల్లల ఆశ వెనుక నాకు కనిపించే కారణం ఒకటుంది. ఫోను తీసిన ఫోటోను తానే సరిదిద్ది అందరి ముఖాలనూ ఒకేలా నున్నగా చేస్తుంది. పాత కెమెరా ఫ్లాష్ వెలుగులో ఉన్నది ఉన్నట్టు, కొంచెం కరుకుగా చూపిస్తుంది. అదీగాక కెమెరా పట్టుకున్నప్పుడు మధ్యలో మెసేజీలు రావు.

కొత్తది కొననవసరం లేదు. బంధువుల ఇళ్లలో సొరుగులు వెతికితే ఒకటి దొరకవచ్చు. తీసుకునేముందు రెండు విషయాలు చూడండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని ఛార్జింగుకు పెట్టకుండా అదే నంబరున్న కొత్తది తెప్పించండి. తర్వాత ఫోటోలు దాచే మెమరీ కార్డు పెట్టే అరను చూడండి. మామూలు ఎస్‌డీ కార్డు పట్టేదైతే నిశ్చింతగా తీసుకోండి. 2002 తర్వాత కొన్నేళ్లపాటు ఒలింపస్, ఫ్యూజీ కెమెరాలు చాలావరకు ఎక్స్‌డీ అనే వేరే కార్డుతో వచ్చాయి. ఆ కార్డుల తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి, కెమెరాతోపాటు కార్డు కూడా ఇస్తేనే అది తీసుకోండి.