పాఠకుల ప్రశ్నలు: రూతు ఏరిన పరిగె

రూతు కథ మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు. కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు: బేత్లెహేములో కరువొచ్చి ఎలీమెలెకు, భార్య నయోమి, ఇద్దరు కొడుకులు మోయాబు దేశానికి వలస వెళ్ళారు. కొడుకులు అక్కడి అమ్మాయిలు రూతును, ఓర్పాను చేసుకున్నారు. ముగ్గురు మగవాళ్ళూ అక్కడే చనిపోయారు. నయోమి సొంత ఊరికి బయలుదేరితే రూతు ఆమె వెంట వచ్చి, పొలాల్లో పరిగె ఏరి, చివరికి బోయజు అనే బంధువును పెళ్ళాడింది. దావీదు రాజు వాళ్ళ మునిమనవడు.

ప్రశ్న (బరంపురం నుంచి ఒక పాఠకురాలు): మా బంధువుల పెళ్ళిళ్ళలో "నీవు వెళ్ళు చోటికే నేను వచ్చెదను" అన్న రూతు మాటలు చదివి, అత్తగారి దగ్గర ఇలా అణిగి ఉండాలని కొత్త కోడలికి చెబుతారు. యూదులు కూడా ఈ కథను ఇలాగే చెప్పుకుంటారా?

లేదండీ. ఆ మాటలు పెళ్ళిపందిట్లో అన్నవి కావు. భర్త పోయాక, పిల్లలు లేని స్థితిలో, అత్త "వెళ్ళిపో అమ్మా" అని బతిమాలుతుంటే దారి మధ్యలో అన్నవి. మొదటి అధ్యాయం 8, 11, 12 వచనాలు చూడండి. నయోమి మూడుసార్లు వెనక్కి వెళ్ళమంటుంది. రూతుకు అప్పటికి ఏ కట్టుబాటూ మిగల్లేదు. ఓర్పా ఏడ్చి, అత్తను ముద్దు పెట్టుకుని పుట్టింటికి వెళ్ళింది. మూల గ్రంథం ఆమెను ఒక్క మాటా అనలేదు. తర్వాతి కాలపు రబ్బీలు (యూదు ధర్మపండితులు) ఆమె పేరును మెడ వెనుక భాగానికి హీబ్రూలో వాడే 'ఓరెఫ్' అనే మాటతో కలిపి "వీపు చూపించింది" అన్నారు, అది వ్యాఖ్యానం మాత్రమే. మూలంలో నయోమి ఇద్దరు కోడళ్ళూ తనకూ, చనిపోయినవారికీ 'హెసెద్' చేశారనే అంటుంది.

ఈ కథకు ఆయువుపట్టు ఆ హెసెద్ అనే మాటే. పుస్తకం మొత్తంలో అది మూడు చోట్ల వస్తుంది: 1:8, 2:20, 3:10. తెలుగులో దయ అనో, కృప అనో అంటాం. మన వాడుకలో కృప పైవాడు కిందివాడి మీద చూపేది. ఇక్కడ మూడోసారి ఆ మాట అన్నది భూస్వామి బోయజు, పరిగె ఏరుకునే పరదేశి విధవతో. అంటే హెసెద్‌కు హోదాతో పని లేదు. రబ్బీల చర్చల సంకలనమైన తాల్ముద్‌లో సుక్కా భాగం (49బి) దానధర్మానికీ హెసెద్‌కీ మూడు తేడాలు చెబుతుంది. దానం డబ్బుతోనే, హెసెద్ డబ్బుతోనూ ఒంటి కష్టంతోనూ. దానం పేదలకే, హెసెద్ ధనికులకు కూడా. దానం బతికున్నవారికే, హెసెద్ చనిపోయినవారికి కూడా. రబ్బీ జెయిరా అయితే ఈ పుస్తకంలో శుద్ధి, అశుద్ధి, చెయ్యొచ్చు, చెయ్యకూడదు అన్న విధులేవీ లేవనీ, హెసెద్ చేసేవారికి ఎంత మంచి ప్రతిఫలమో చెప్పడానికే దీన్ని రాశారనీ అన్నారు.

చట్టం అడిగింది అయిపోయాక మొదలయ్యేది హెసెద్. దాన్ని కోడలి మీద విధిగా మోపితే అది హెసెద్ కాకుండా పోతుంది. ఆ వచనాలు పెళ్ళిలో చదవాలనే ఉంటే, "నువ్వు వెళ్ళొచ్చమ్మా, నీ బతుకు నువ్వు చూసుకో" అన్న నయోమి మాటలు కూడా కలిపి చదవండి. అత్తగారు కూడా వినాలి కదా.

ప్రశ్న (గుణుపురం): వరికోతలప్పుడు పరిగె ఏరుకోవడం ఆసామి ఇష్టం మీద ఉంటుంది. పరాయి దేశపు రూతు బోయజు చేలోకి ఎలా వెళ్ళగలిగింది? ఒక్క రోజులో తూమెడు గింజలు ఎలా దొరికాయి?

యూదుల ధర్మశాస్త్రమైన తోరాలో పరిగె ఆసామి ఇష్టం కాదు, పేదవాడి హక్కు. లేవీయకాండము 19:9-10 ప్రకారం చేను అంచు కొయ్యకుండా వదలాలి, రాలినది ఏరకూడదు. అవి పేదలకూ పరదేశులకూ చెందుతాయి. ద్వితీయోపదేశకాండము 24:19 చేలో మరిచిపోయిన పనను కూడా కలిపింది.

క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీల విధులను కూర్చిన మిష్నాలో 'పేయా' భాగం దీన్ని కొడవలి దగ్గర నిలబడి చూసినట్టు చెబుతుంది. అంచున వదిలేది అరవయ్యో వంతుకు తగ్గకూడదు. కోసేటప్పుడు ఒకటి రెండు వెన్నులు రాలితే పరిగె, మూడు కలిసి రాలితే ఆసామివి. ఇది హిల్లేలు అనే గురువు వర్గం లెక్క. షమ్మాయి అనే గురువు వర్గం మూడూ పేదవాడివే, నాలుగైతేనే ఆసామివి అంది. పిడికిలి లోపలి నుంచి, కొడవలి లోపలి నుంచి జారితే పేదవాడివి. చేతి వెనక నుంచి, కొడవలి వెనక నుంచి పడితే ఆసామివి. ముల్లు గుచ్చుకుని చేతిలోది జారిపోతే అదీ ఆసామిదే, ఎందుకంటే అది కోతలో సహజంగా రాలింది కాదు. ఒక పేదను రానిచ్చి ఇంకొకరిని ఆపినా, ఒకరికి సాయపడినా మిగతా పేదలను దోచుకున్నట్టే.

ఇప్పుడు బోయజు చేసింది చూడండి. రూతు కోసం కట్టిన పనల్లోంచి వెన్నులు లాగి కింద పడెయ్యమని పనివాళ్ళకు చెప్పాడు (2:16). పనలో చేరినది ఆసామి సొత్తు. రాలినది వదలడం చట్టం, పనలోంచి లాగి వదలడం హెసెద్. పైగా చేతికివ్వకుండా ఆమె ఏరుకునేలా చేశాడు, ఆమె గౌరవం చెడకుండా. ఆమె సాయంత్రానికి దుళ్ళగొడితే ఒక ఏఫా యవలు వచ్చాయి. ఏఫా సుమారు 22 లీటర్లు, యవలైతే పదమూడు పద్నాలుగు కిలోలు. రెండేసి వెన్నులు ఏరితే అంత రాదు.

తాల్ముద్‌లోని షబ్బాత్ భాగంలో (113బి) ఒక చిన్న మాట ఉంది. ఈ అమ్మాయెవరని బోయజు ఎందుకు అడిగాడంటే, ఆమె రెండు వెన్నులు పడితే ఏరుతోంది, మూడు పడితే ముట్టడం లేదు. నిలబడి ఉన్న వెన్నులు నిలబడే కోస్తోంది, కిందివి వంగకుండా కూర్చుని ఏరుతోంది. ఆకలితో వచ్చిన మనిషి తనది కానిదాన్ని ముట్టకపోవడం ఆయన కంట పడింది.

ప్రశ్న (సిరోంచ): మోయాబీయులు పదో తరం వరకూ సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండము 23 అంటోంది. మరి రూతు సంతానమైన దావీదు రాజెలా అయ్యాడు?

తాల్ముద్‌లోని యెవామోత్ భాగం (76బి-77ఎ) దీని మీద గట్టిగానే వాదించింది. నిషేధానికి కారణం ఆ వచనంలోనే ఉంది: ఐగుప్తు నుంచి వస్తున్న ఇశ్రాయేలీయులకు మోయాబీయులు అన్నం, నీళ్ళతో ఎదురు రాలేదు. దారికి ఎదురెళ్ళడం ఆ కాలంలో మగవాళ్ళ పని. కనుక నిషేధం మోయాబీయునికే, మోయాబీయురాలికి కాదు. మిష్నాలో స్థిరపడిన తీర్పు ఇది. అన్నం పెట్టని జాతి నుంచి వచ్చిన స్త్రీ, తను తినగా మిగిల్చిన పేలాలు కొంగున కట్టుకొచ్చి అత్తకు పెట్టింది (2:18). ఇది కాకతాళీయమని మాకు అనిపించదు.

ప్రశ్న (జయపురం): రూతు కళ్ళంలో బోయజును పెళ్ళి అడిగింది. కథ అక్కడి నుంచి ఊరి గుమ్మం దాకా వచ్చాక చెప్పు విప్పడమేమిటి?

ఆస్తి చేతులు మారిందనడానికి అది గుర్తు, 4:7 అదే చెబుతుంది. ఎలీమెలెకు పొలాన్ని విడిపించే మొదటి హక్కు బోయజు కంటే దగ్గరి బంధువుది. పది మంది పెద్దల ముందు పొలం కొంటానన్నాడు, రూతును కూడా చేసుకోవాలనేసరికి తన వారసత్వం చెడుతుందని చెప్పు విప్పి తప్పుకున్నాడు. అతను చట్టం తప్పలేదు, హెసెద్ దాకా రాలేదు. పుస్తకం అతని పేరు రాయకుండా 'పెలోని అల్మోని', అంటే ఫలానావాడు, అని వదిలేసింది. చెప్పు స్థానంలో తర్వాత చేతిరుమాలు వచ్చింది. ఇప్పటికీ సంప్రదాయ యూదుల పెళ్ళి ఒప్పందం మీద సాక్షులు సంతకం చేసే ముందు వరుడు రుమాలు పట్టుకుని ఎత్తుతాడు. పెళ్ళి దీవెనలకు పది మంది కావాలన్న నియమాన్ని కూడా ఈ పెద్దల నుంచే తీశారు.

ప్రశ్న (బల్లార్షా): రూతు పుస్తకాన్ని యూదులు షావువోత్ పండుగకే ఎందుకు చదువుతారు?

పస్కా తర్వాత ఏడు వారాలకు, సీవాను నెల 6న వచ్చే పండుగ అది. కథ యవల కోతతో మొదలై గోధుమ కోతతో నడుస్తుంది, కాలం సరిపోయింది. ఇశ్రాయేలీయులు సీనాయి కొండ దగ్గర తోరా అందుకున్న రోజు కూడా అదే. ఆ రోజు ఒక జాతి మొత్తం ఒప్పుకున్నదాన్ని రూతు ఒంటరిగా ఒప్పుకుంది.

ప్రశ్న (పర్లాకిమిడి): "నీ జనమే నా జనము" అని రూతు అన్నట్టు అంటే యూదులైపోవచ్చా? ఇప్పటి పద్ధతి ఏమిటి?

మాట సరిపోదు, కానీ పద్ధతి ఆ మాట నుంచే వచ్చింది. యెవామోత్ 47బి ఆ వచనాలను అత్తాకోడళ్ళ సంభాషణగా విడదీసింది. "విశ్రాంతి దినాన ఎల్లలు దాటి వెళ్ళకూడదు" అంటే "నీవు వెళ్ళు చోటికే". "మాకు 613 ఆజ్ఞలు" అంటే "నీ జనమే నా జనము". "విగ్రహారాధన కూడదు" అంటే "నీ దేవుడే నా దేవుడు". నయోమి మూడుసార్లు వెనక్కి పంపింది కనుకే, వచ్చినవారిని మూడుసార్లు వారించి, అయినా నిలబడితే దగ్గరకు తియ్యాలన్నారు.

మొదటి ప్రశ్న: "ఎందుకు వస్తున్నావు? ఇశ్రాయేలు ఎన్ని బాధలు పడుతోందో తెలియదా?" తెలుసు, నేను తగనిదాన్ని అంటే స్వీకరిస్తారు. అప్పుడు కొన్ని తేలిక ఆజ్ఞలు, కొన్ని కఠినమైనవి వివరిస్తారు. వాటిలో పేరు పెట్టి చెప్పమన్నవి పరిగె, మరిచిన పన, చేను అంచు, పేదల పదోవంతు. కొత్తగా వచ్చేవారికి ముందు పేదవాడి వాటా నేర్పమన్నారు.

ఇప్పుడు నేర్చుకోవడానికే సాధారణంగా ఏడాదో, అంతకు మించో పడుతుంది. తర్వాత ముగ్గురి ధర్మసభ ముందు ఆజ్ఞలు అంగీకరించాలి. మగవారికి సున్నతి, ముందే జరిగి ఉంటే ఒక్క చుక్క నెత్తురు తీస్తారు. ఆఖరున మిక్వే అనే శుద్ధి కొలనులో మునక. అందులో కనీసం 40 సెయాల (ఆ కాలపు కొలత) వాననీరో ఊటనీరో ఉండాలి, బిందెలతో తోడి నింపింది చెల్లదు. గోళ్ళరంగు, ఉంగరం, కట్టు ఏదీ ఒంటికీ నీటికీ మధ్య అడ్డు రాకూడదు, జుట్టు మొత్తం మునగాలి. ఒక పాయ పైకి తేలినా మళ్ళీ మునగాల్సిందే.

ఎక్కువగా చెడేది రెండు చోట్ల. ఒకటి, పెళ్ళి కోసమే మారడం. సభ వెంటనే పసిగడుతుంది. రెండు, ఏ సభ చేసిందో చూసుకోకపోవడం. సంస్కరణవాద సభ చేసినదాన్ని సంప్రదాయ రబ్బీలు ఒప్పుకోరు. ఇశ్రాయేల్ సుప్రీంకోర్టు 2021 మార్చిలో పౌరసత్వం వరకు దాన్ని గుర్తించినా, అక్కడ పెళ్ళిళ్ళు రబ్బీల సభల చేతిలోనే ఉన్నాయి. మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఒడిశాలో 1967 మతస్వేచ్ఛ చట్టం, 1989 నియమాల ప్రకారం మెజిస్ట్రేటు ముందు ప్రకటన ఇవ్వాలి; వకీలును కలవందే ముందుకెళ్ళకండి. ఇంకొకటి, యూదు మతం అందరూ మారాలని కోరదు. నోవహు సంతతికి, అంటే మనుషులందరికీ, చెప్పిన ఏడు ఆజ్ఞలు పాటించే అన్యుణ్ణి ధర్మాత్ముడిగానే చూస్తుంది.

ప్రశ్న (రాయగడ): మతం మారినవారిని ఎన్నేళ్ళయినా "వాళ్ళు కొత్తవాళ్ళు" అంటారు. రూతును కూడా మోయాబీయురాలనే రాశారు కదా?

నిజమే, 1:22 నుంచి 4:10 దాకా ఆ మాట వస్తూనే ఉంటుంది. ధర్మం మాత్రం దాన్ని గట్టిగా వారిస్తుంది. తాల్ముద్‌లోని బావా మెత్సియా 58బి ప్రకారం తోరా నేర్చుకోవడానికి వచ్చినవారితో "చచ్చినదాన్ని తిన్న నోరు దేవుని మాట నేర్వడానికి వచ్చిందా" అనడం మాటలతో చేసే హింస, నిషిద్ధం. ఓబద్యా అనే మతాంతరుడు "మా పితరుల దేవా" అని ప్రార్థించొచ్చా అని అడిగితే, 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిదెస్ నిస్సంకోచంగా అనమని ఉత్తరం రాశాడు, అబ్రాహాము నీకూ తండ్రే అని. ఒక్క అడ్డు మిగిలింది: మతం మారి వచ్చిన స్త్రీని యాజక వంశపువాడు పెళ్ళాడకూడదు. ఈ నియమం చాలామందిని బాధపెడుతుంది, ముందే తెలుసుకోవడం మంచిది.

ఇక రూతు సంగతి. ఊరి గుమ్మం దగ్గర జనం "నీ ఇంటికి వస్తున్న ఈమె రాహేలు, లేయాలాంటిది కావాలి" అని, అంటే ఇశ్రాయేలు వంశపు తల్లులతో సమానంగా, బోయజును దీవించారు. ఆ తర్వాతి వచనాల్లో మోయాబు ఊసు లేదు. 4:13లో "బోయజు రూతును చేసుకున్నాడు" అని మాత్రమే ఉంది.