లఫయెట్ కుంటు, జేమ్స్ కౌగిలి

చిరంజీవికి,

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఫ్రెంచి సేనాని లఫయెట్ మీద నీ వ్యాసం నిన్న రాత్రి చదివాను. రెండో పేరాలోనే ‘ఇసక వేస్తే రాలని జనం’, ‘మిన్నంటిన జేజేలు’ కనబడేసరికి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేశాను. ఏమనుకోకు. కుర్రతనంలో ఏ సభ గురించి రాసినా నాదీ అదే ఇసక, అదే మిన్ను.

అమెరికాను మళ్లీ చూడ్డానికి 1824 ఆగస్టులో న్యూయార్క్‌లో ఓడ దిగినప్పుడు ఆయనకు 66 ఏళ్లు. కుంటుతూ నడిచేవాడు. అది ఆ స్వాతంత్ర్య పోరులో, 1777 నాటి బ్రాండీవైన్ యుద్ధంలో తగిలిన తూటా వల్ల అని రాశావు. కాదు. 1803లో మంచు మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. తూటా అయితే కథకు సొగసుగా ఉంటుంది, నిజమే. కానీ వీరుడు కూడా మనలాగే కాలు జారి పడ్డాడని తెలిస్తే నాకైతే ఆయన ఇంకా దగ్గరగా కనిపించాడు.

అధ్యక్షుడు మన్రో పిలుపు, 13 నెలల పర్యటన, 24 రాష్ట్రాలు, కాంగ్రెస్ ఇచ్చిన 2 లక్షల డాలర్లు: ఒక్క వాక్యంలో తేల్చెయ్. విందుల జాబితా పెళ్లి కట్నాల చదివింపుల్లా ఉంది.

అసలు మనిషిని మాత్రం వదిలేశావు. జేమ్స్. వర్జీనియాలో బానిస. 1781లో లఫయెట్ కోసం ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ శిబిరంలో చేరి, అక్కడి కబుర్లు మోసుకొచ్చిన గూఢచారి. తుపాకీ పట్టిన బానిసలను విడిపించే చట్టం వచ్చింది, కానీ గూఢచారి సైనికుడు కాడన్నారు. 1784లో లఫయెట్ తన చేత్తో యోగ్యతాపత్రం రాసిచ్చాడు. అయినా విడుదల 1787లో గాని కాలేదు. ఆ తర్వాత అతను తన పేరు చివర లఫయెట్ అని పెట్టుకున్నాడు.

1824లో వర్జీనియా ఊరేగింపులో ఆ ముసలాణ్ణి జనంలో గుర్తుపట్టి, పేరు పెట్టి పిలిచి, కౌగిలించుకున్నాడు లఫయెట్. చుట్టూ చప్పట్లు కొడుతున్న పెద్దమనుషుల్లో ఎంతమంది ఇళ్లలో అప్పటికీ బానిసలున్నారు? నువ్వు అడగక్కర్లేదు. ఆ ఇద్దరినీ దగ్గరగా చూపించు చాలు.

అమెరికాలోని బంకర్ హిల్ యుద్ధభూమి నుంచి తెచ్చుకున్న మట్టిని 1834లో పారిస్‌లో ఆయన సమాధి మీద చల్లడం దగ్గర వ్యాసం ఆగింది, బాగుంది. దాని కింద కృతజ్ఞత గురించి రాసిన నాలుగు లైన్లు కొట్టెయ్.

ఆశీస్సులతో,
మీ మాస్టారు