లేబర్ డే దాటాక తెల్ల జీన్స్

ప్రశ్న: అక్కా, మేం అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది, న్యూజెర్సీలో ఉంటున్నాం. లేబర్ డే సేల్‌లో సగం ధరకే వస్తున్నాయని రెండు తెల్ల జీన్స్ కొన్నాను. మర్నాడు ఒకటి ఆఫీసుకి వేసుకెళ్తే పక్క సీటావిడ "లేబర్ డే అయిపోయాక తెలుపా!" అని నవ్వింది. నేనూ నవ్వేశాను గానీ ఏమీ అర్థం కాలేదు. ఇది నిజంగా రూలా? రెండోది ఇంకా ట్యాగుతోనే ఉంది, రిటర్న్ చేసెయ్యనా? మావారేమో అదంతా జోక్ అంటున్నారు. మగవాళ్లకి లేని రూల్స్ మనకే ఎందుకక్కా?
— ఒక పాఠకురాలు

జవాబు: రెండోదీ ఉంచేసుకోండి. మీవారి మాట సగం నిజం. ఆవిడ ఆటపట్టించిందే, కానీ ఒకప్పుడు అది గట్టి పట్టింపు. మే ఆఖరి సోమవారం మెమోరియల్ డే, సెప్టెంబర్ మొదటి సోమవారం లేబర్ డే. తెల్ల బట్టలు, ముఖ్యంగా తెల్ల బూట్లు, ఆ మధ్యలోనే తొడగాలి. తర్వాత మళ్లీ మే దాకా బీరువాలోనే.

ఎందుకంటే ఎక్కువమంది చెప్పేది ఇదీ. వందేళ్ల పైమాట. న్యూయార్క్ కలవారు ఎండాకాలం రాగానే రోడ్ ఐలాండ్‌లోని న్యూపోర్ట్ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లకి వెళ్లిపోయేవారు. ఏసీలు లేని రోజులు కదా, తెల్ల లినెన్ హాయిగా ఉండేది. సెప్టెంబర్‌లో తిరిగొస్తే ఊళ్లో బొగ్గు మసి, వాన, బురద. ముదురు రంగులే దిక్కు. ఇక్కడిదాకా న్యాయంగానే ఉంది. తర్వాతే వచ్చింది తిరకాసు. ఏ నెలలో ఏది తొడగాలో తెలియడమే పాత ఆస్తిపరులకి గుర్తింపు కార్డు అయిపోయింది. కొత్తగా డబ్బు చేసినవాళ్లు అక్టోబర్‌లో తెల్ల బూట్లతో విందుకొస్తే ఇట్టే దొరికిపోయేవారు. అసలు కాలానికో బీరువా బట్టలు ఎంతమందికుంటాయి చెప్పండి! 1894లో కార్మికుల కోసం పెట్టిన జాతీయ సెలవు రోజే దీనికి గడువు కావడం నాకైతే ఎప్పుడూ తమాషాగానే ఉంటుంది.

మగవాళ్లకి లేదని ఎవరన్నారు? వాళ్లది టోపీల గొడవ. సెప్టెంబర్ 15 దాటితే గడ్డి టోపీ తీసేసి ఫెల్ట్ టోపీ పెట్టుకోవాలి. లేకపోతే వీధిలో కుర్రాళ్లు లాక్కుని తొక్కి పారేసేవారు. 1922లో న్యూయార్క్ కుర్రాళ్లకి ఆగబుద్ధి కాక 13నే మొదలుపెట్టారు. దెబ్బలాటలు, అరెస్టులు, రోజుల తరబడి రభస. మీవారికి ఈ ముక్క చదివి వినిపించండి.

ఇప్పుడు అంత సీను లేదు. మర్యాదల పుస్తకాలకి పేరుపడ్డ ఎమిలీ పోస్ట్ పేరుతో నడిచే సంస్థే లేబర్ డే తర్వాత కూడా తెలుపు నిక్షేపంగా వేసుకోవచ్చంటోంది. చూసుకోవాల్సింది రంగు కాదు, బట్ట. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. ఇక్కడ నా మొదటి అక్టోబర్‌లో, సేల్‌లో కొన్న పల్చటి తెల్ల లినెన్ ప్యాంటు వేసుకుని ఆఫీసు పార్కింగ్‌లో దిగాను. వాన. లిఫ్ట్ దగ్గరికి వెళ్లేసరికి అంచులు బురదనీళ్లు పీల్చుకుని పిక్కల దాకా గోధుమరంగు పాకింది. తడిసిన బట్టలోంచి జేబుల ఆకారం కూడా కనిపిస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు. మీటింగంతా ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్నాను.

అందుకే బట్టని కిటికీకి ఎదురుగా పట్టుకుని వెనక చెయ్యి పెట్టి చూడండి. వేళ్లు కనిపిస్తే అది ఎండాకాలానిదే, మడత పెట్టెయ్యండి. మీ జీన్స్ మందంగా ఉంటుంది కాబట్టి భయం లేదు. ముదురాకుపచ్చ స్వెటరో, గోధుమరంగు బూట్లో జత చేస్తే నవంబర్‌లోనూ బాగుంటుంది. తెల్ల శాండిల్స్ మాత్రం వద్దు, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఏం అందం! చలికాలానికని మీగడ రంగు ఉన్ని బట్టలు కూడా దొరుకుతాయి, వాటిని 'వింటర్ వైట్' అంటారు. మరీ సరదా పడితే అవి కొనుక్కోండి.

దాచేవాటిని మాత్రం ఉతక్కుండా దాచకండి. ఇప్పుడు కనిపించని చెమట మరక మే నెలలో తీసేసరికి పసుపుపచ్చగా తేలుతుంది.