నట్టు వదిలెయ్, ముందు స్పిండిల్ చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి ఐడిలింగ్ (యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ నెమ్మదిగా నడవడం) నిలవడం లేదని, ఎస్‌యూ కార్బురేటర్లలో పెట్రోలు మిక్స్చర్‌ను చిక్కన, పలచన చేసే జెట్ నట్టు ఎంత తిప్పినా లాభం లేదని రాశావు. ఆ నట్టు ఇక ముట్టుకోకు. చల్లటి ఇంజన్ మీద వాల్వు సందు 0.015 అంగుళం, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు 0.014 నుంచి 0.016 అంగుళం ఉన్నాయేమో ముందు చూసుకో. మన అంబాసిడర్ 1489 సీసీ ఇంజనుదీ ఇదే బి-సిరీస్ కుటుంబం, ఇక్కడి పాత మెకానిక్కులకు ఈ పని కొట్టిన పిండి.

అవి సరిగ్గా ఉన్నా జబ్బు పోకపోతే, ఇంజన్ ఆపి కార్బురేటర్ థ్రాటిల్ స్పిండిల్ (గాలి దారిని తెరిచి మూసే బటర్‌ఫ్లై రేకును తిప్పే ఇరుసు) కొసను రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడు. ‘టిక్ టిక్’మని ఆడిందా, దొంగ దొరికినట్టే. ఇంజన్ నడిపిస్తూ స్పిండిల్ బయటికొచ్చే చోట పల్చటి నూనె రెండు చుక్కలు వెయ్. చప్పుడు మారితే గాలి అక్కడే లాగుతోంది. పెట్రోలు మాత్రం చల్లకురా, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కార్బురేటర్ల కిందే నిప్పులా కాగుతూ ఉంటుంది.

అరుగుదల ఎందుకంటే, బాడీ అల్యూమినియం, అందులో తిరిగేది గట్టి స్పిండిల్. రిటర్న్ స్ప్రింగు దాన్ని ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంది. దుమ్ము, నూనె కలిసి గరుకు ముద్దలా పనిచేసి రంధ్రాన్ని కోలగా అరగదీస్తాయి. ఆ సందులోంచి వచ్చే గాలి, జెట్ రంధ్రంలో ఆడుతూ పెట్రోలు కొలిచే నీడిల్ (సూది) దగ్గరికి పోకుండా నేరుగా ఇంజన్లోకి పోతుంది. ఐడిలింగ్‌లో వాక్యూమ్ ఎక్కువ కాబట్టి దెబ్బంతా అక్కడే. దాన్ని కప్పిపుచ్చడానికి జెట్ కిందికి దింపితే రోడ్డు మీద మిక్స్చర్ చిక్కనై ప్లగ్గులు నల్లబడతాయి.

విప్పేటప్పుడు బటర్‌ఫ్లై ఏ వైపు ఎలా ఉందో గీత గీసి పెట్టుకో. దాని అంచులు ఏటవాలుగా ఉంటాయి, తిరగేసి పెడితే మూసుకోదు. దాన్ని పట్టి ఉంచే రెండు ఇత్తడి స్క్రూల కొసలు చీల్చి విడదీసి ఉంటాయి. ముందు ఆ కొసలను ప్లయర్‌తో దగ్గరికి నొక్కు, లేకపోతే స్పిండిల్ మరలు పోతాయి. బిగించేటప్పుడు కొత్త స్క్రూలే వాడి కొసలు మళ్లీ విడదియ్. ఒక్కటి ఊడినా నేరుగా సిలిండర్లోకే పోతుంది.

కొత్త స్పిండిల్ దూర్చి చూడు. ఆట పోతే అదృష్టం. పోకపోతే 10 థౌ (అంగుళంలో పది వెయ్యో వంతులు) ఎక్కువ లావున్న ఓవర్‌సైజు స్పిండిల్ పట్టేలా బాడీ రంధ్రాలను రీమర్‌తో పెద్దవి చేయించాలి, లేదా వాటిలో బుష్‌లు (చిన్న లోహపు గొట్టాలు) కొట్టించాలి. ఇది చేతి డ్రిల్లుతో చేసే పని కాదు. రెండు రంధ్రాలూ ఒకే గీతలో లేకపోతే స్పిండిల్ బిగుసుకుపోతుంది, మంచి లేత్ షాపుకే ఇవ్వు. బుష్ లోపలికి పొడుచుకొస్తే బటర్‌ఫ్లై తగులుతుందని వాళ్లకు చెప్పు. విడిభాగాలు ఇంగ్లండ్ సాలిస్‌బరీలోని బర్లెన్ కంపెనీ వాళ్లు ఇప్పటికీ తయారుచేస్తున్నారు.

విప్పావు కాబట్టి నీడిల్, జెట్ కూడా చూడు. నీ హెచ్‌ఎస్4 రకం కార్బురేటర్‌కి జెట్ 0.090 అంగుళం. భూతద్దంలో కోలగా కనిపిస్తే జెట్, నీడిల్ రెండూ మార్చు. ఫిక్స్‌డ్ నీడిల్ అయితే దాని భుజం కార్బురేటర్ పిస్టన్ అడుగుతో సమంగా ఉండాలి, జెట్ సెంటరింగ్ (నీడిల్ సరిగ్గా జెట్ మధ్యలో పడేలా సర్దడం) తప్పకుండా చెయ్యాలి. పిస్టన్ ఎత్తి వదిలితే ‘టక్’మని కూర్చోవాలి. జెట్ పైన ఉన్నా కింద ఉన్నా అదే చప్పుడు రావాలి. చప్పుడు మందగిస్తే నీడిల్ రాసుకుంటోందన్నమాట, లాకింగ్ నట్టు వదులు చేసి మళ్లీ సెంటర్ చెయ్.

ఒక కార్బురేటర్ పిస్టన్‌ను రెండోదాని పై మూత, అంటే డోమ్‌లో ఎప్పుడూ పెట్టకు, అవి జతగా తయారైనవి. వాటిమీద ఎమరీ కాగితం అసలు వద్దు, పెట్రోలుతో తుడిస్తే చాలు. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఇ10 (పది శాతం వరకు ఇథనాల్ కలిసినది) కదా, ఫ్లోట్ వాల్వు, రబ్బరు భాగాలు ఇథనాల్‌ను తట్టుకునేవే కొను.

అంతా బిగించాక జెట్‌ను దాని చుట్టూ ఉండే చదును మెట్టు, అంటే బ్రిడ్జితో సమం చేసి, అక్కణ్నుంచి నట్టు ఆరు పలకల లెక్కన రెండు చుట్లు దింపు. డోమ్ పైన నూనె పోసే డ్యాష్‌పాట్‌లో ఎస్‌ఏఈ 20 నూనె, పిస్టన్ రాడ్డు కంటే అర అంగుళం పైకి. రెండు కార్బురేటర్లను కలిపే క్లాంపులు వదులు చేసి, రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని రెండింటి గాలి చప్పుడూ సమం చెయ్. ఇంజన్ బాగా వేడెక్కాక ఒక్కో పిస్టన్‌ను 0.8 మిల్లీమీటర్ ఎత్తి చూడు. వేగం క్షణం పాటు కాస్త పెరిగి మామూలైతే సరి. పెరిగి అలాగే ఉంటే చిక్కన, పడిపోతే పలచన. ఒక్కో పలక చొప్పునే తిప్పు.

స్పిండిల్ సంగతి చూశాక నాకు రాయి.

నీ మామయ్య