ఓడలు పోగొట్టుకున్నవాళ్లు వద్దన్నారు, ఓడల్లేనివాళ్లు యుద్ధమన్నారు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అమెరికా, బ్రిటన్‌ల మధ్య జరిగిన 1812 యుద్ధం మీద అడిగినవే ఎక్కువ. వాటన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: కొట్టుకుంటున్నది బ్రిటన్, ఫ్రాన్స్. అమెరికా తటస్థ దేశం. మరి దాని ఓడల్ని ఎందుకు పట్టుకున్నారు? (పోటీ పరీక్షల అభ్యర్థిని, హనుమకొండ)

జవాబు: తటస్థంగా ఉండటమే అప్పట్లో మంచి బేరం, గొడవంతా అక్కడే మొదలైంది. బ్రిటిష్ నౌకాదళానికి భయపడి ఫ్రాన్స్, స్పెయిన్ తమ కరీబియన్ వలసల చక్కెర, కాఫీ సొంత ఓడల్లో తెచ్చుకోలేకపోయేవి. ఆ సరుకు అమెరికా ఓడలెక్కింది. శాంతికాలంలో పరాయివాళ్లకు మూసి ఉంచిన వ్యాపారాన్ని యుద్ధం రాగానే తెరిస్తే చెల్లదన్నది బ్రిటన్ పట్టుకున్న 1756 నాటి నియమం. అమెరికా వర్తకులు దానికో దొడ్డిదారి కనిపెట్టారు. సరుకును ముందు తమ రేవులో దించుతారు, సుంకం కడతారు, కొత్త కాగితాలు పుట్టించి మళ్లీ ఎక్కిస్తారు. దాంతో అది అమెరికా సరుకైపోతుంది! కట్టిన సుంకంలో చాలా భాగం 'డ్రాబ్యాక్' పేరుతో తిరిగొచ్చేది.

1800లో 'పోలీ' కేసులో బ్రిటిష్ కోర్టు దీన్ని చూసీ చూడనట్టు వదిలేసింది. 1805లో 'ఎసెక్స్' కేసు వచ్చేసరికి పట్టు బిగించింది. ఆ ఓడ బార్సిలోనాలో సరుకెత్తి, అమెరికా రేవు సేలంలో ఆగి, స్పెయిన్ వలస క్యూబాలోని హవానాకు బయల్దేరింది. మొదటినుంచీ పోదలచింది హవానాకే అయితే సేలంలో ఆగడం వట్టి నాటకమని కోర్టు తేల్చింది. కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు ఓడ యజమాని మీదే పడింది. ఆ తర్వాత పట్టివేతలు ఊపందుకున్నాయి.

పైగా రెండువైపుల నుంచీ ఆజ్ఞలు. 1806 నవంబరులో నెపోలియన్ బెర్లిన్ డిక్రీతో బ్రిటన్‌ను దిగ్బంధించానన్నాడు. 1807 నవంబరులో బ్రిటన్ 'ఆర్డర్స్ ఇన్ కౌన్సిల్' ఇచ్చి, యూరప్‌కు పోయే తటస్థ ఓడ ముందు తన రేవుకొచ్చి సుంకం కట్టాలంది. అలా బ్రిటిష్ రేవు తొక్కిన ఓడ మాకు దక్కాల్సిందేనని ఆ డిసెంబరులో నెపోలియన్ మిలాన్ డిక్రీ. కెప్టెన్‌కు ముందు నుయ్యి, వెనక గొయ్యి. యుద్ధం వచ్చేలోగా బ్రిటన్ సుమారు 900 అమెరికా ఓడల్ని పట్టుకుందని లెక్క. ఫ్రాన్స్ కూడా వందల్లోనే పట్టింది. ఈ రెండో సంగతి చాలామంది నోట్సులో కనిపించదు, రాసుకోండి.

ప్రశ్న: నావికుల్ని ఎత్తుకుపోయారంటారు. కాగితాలు చూపిస్తే వదిలేవారు కాదా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ)

జవాబు: దీన్ని 'ఇంప్రెస్‌మెంట్' అనేవారు. బ్రిటిష్ యుద్ధనౌక అమెరికా వాణిజ్య ఓడను ఆపుతుంది, లెఫ్టినెంటు పైకెక్కి కళాసుల్ని వరసగా నిలబెడతాడు, బ్రిటన్‌లో పుట్టినవాడని తోచినవాణ్ని దింపుకుపోతాడు. రాజు ప్రజగా పుట్టినవాడు చచ్చేదాకా రాజు ప్రజేనన్నది వాళ్ల చట్టం. అమెరికా పౌరసత్వం ఇచ్చినా వాళ్లకు లెక్కలేదు.

1796 చట్టం ప్రకారం కస్టమ్స్ కలెక్టరు 25 సెంట్లు తీసుకుని కళాసికి రక్షణ పత్రం ఇచ్చేవాడు. అందులో వయసు, ఎత్తు, ఒంటి రంగు, మచ్చలు రాసేవారు. మరి ఎందుకు పనిచేయలేదంటే, ఆ పత్రాలు చేతులు మారేవి, అమ్ముడుపోయేవి. నల్ల జుట్టువాడి దగ్గర ఎర్ర జుట్టువాడి కాగితం దొరికితే ఏ అధికారి నమ్ముతాడు? అసలు కాగితం ఉన్నవాడు కూడా ఆ అనుమానానికే బలయ్యాడు. ఇలా పోయిన అమెరికన్లు 6,000కు పైమాటే.

అమెరికా చేతులూ శుభ్రంగా లేవు. జీతం ఎక్కువని బ్రిటిష్ కళాసులు ఇటు పారిపోయి వచ్చేవారు. 1807లో ఆర్థికమంత్రి గాలటిన్ లెక్క వేస్తే విదేశీ వర్తకంలో ఉన్న బ్రిటిష్ పుట్టుక కళాసులు దాదాపు 9,000 మంది తేలారు. వాళ్లను వెనక్కి పంపితే సొంత వర్తకమే మూలపడుతుందని ప్రభుత్వానికి అప్పుడు తెలిసొచ్చింది.

1807 జూన్ 22న వర్జీనియా తీరంలో జరిగింది మరీ దారుణం. 'లెపర్డ్' అనే బ్రిటిష్ నౌక, పారిపోయినవాళ్లను అప్పగించమంటూ ఏకంగా అమెరికా యుద్ధనౌక 'చీసపీక్' మీదే ఫిరంగులు పేల్చింది. చీసపీక్ డెక్కు నిండా సామాను, ఫిరంగులకు సిద్ధంగా మందు లేదు, వత్తి లేదు. చివరికి లెఫ్టినెంట్ అలెన్ వంటగదిలోని నిప్పుకణిక చేత్తో పట్టుకొచ్చి ఒక్కటంటే ఒక్క ఫిరంగి పేల్చాడు, పరువు కోసం. ముగ్గురు చనిపోయారు, 18 మంది గాయపడ్డారు, నలుగుర్ని పట్టుకుపోయారు. ఆ నలుగురిలో ముగ్గురు అమెరికన్లే.

ప్రశ్న: అప్పుడే యుద్ధం ఎందుకు ప్రకటించలేదు? (డిగ్రీ విద్యార్థి, నల్గొండ)

జవాబు: సరుకు ఆపేస్తే బ్రిటన్ దిగొస్తుందని అధ్యక్షుడు జెఫర్సన్ లెక్క. 1807 డిసెంబరు 22న ఎంబార్గో (విదేశీ వర్తక నిషేధం) పెట్టి సొంత ఓడల్నే రేవుల్లో కట్టేశాడు. 10 కోట్ల 80 లక్షల డాలర్ల ఎగుమతులు ఏడాదిలో 2 కోట్ల 20 లక్షలకు పడిపోయాయి. కెనడా సరిహద్దులో దొంగరవాణా బాగా సాగింది. 1809 మార్చిలో చట్టాన్ని ఎత్తేశారు.

ప్రశ్న: సముద్రం గొడవకు, అడవుల్లో తెగలతో తగాదాకు సంబంధమేమిటి? (పాఠకుడు, ఒంగోలు)

జవాబు: అసలు ప్రశ్న ఇదే. 1809లో ఫోర్ట్ వేన్ ఒప్పందంతో ఇండియానా గవర్నరు హారిసన్ కొన్ని మూలవాసి తెగల నాయకుల చేత దాదాపు 30 లక్షల ఎకరాలు రాయించుకున్నాడు. భూమి అందరిదీ, అమ్మే హక్కు ఏ ఒక్క తెగకూ లేదని షానీ తెగ నాయకుడు టెకుమ్సే అడ్డం తిరిగాడు. 1811లో అతను మద్దతు కోసం దక్షిణాదికి వెళ్లిన సమయం చూసి హారిసన్ సైన్యంతో టిప్పెకనూ నది దగ్గరికొచ్చాడు. నవంబరు 7న తెల్లవారకముందే పోరు. తర్వాత హారిసన్ టెకుమ్సే మనుషుల ఊరిని తగలబెట్టించాడు. అక్కడ బ్రిటిష్ తుపాకులు దొరికాయన్న కబురు పడమటి రాష్ట్రాల్ని రగిలించింది. భూమి పోవడం వల్ల వచ్చిన కోపాన్ని బ్రిటన్ ఎగదోసిన కుట్రగా చూపడం అందరికీ వీలుగా ఉండింది.

రెండో ముడి ధరలది. పత్తి, పొగాకు ధరలు పడిపోతే దక్షిణ, పడమటి రైతులు బ్రిటన్ ఆజ్ఞల్నే తిట్టారు. క్లే, కాల్హూన్ లాంటి కుర్ర కాంగ్రెస్ సభ్యుల్ని, యుద్ధం కావాలనే 'వార్ హాక్స్'ను, గెలిపించింది ఆ ప్రాంతాలే. దిగువసభలో 79–49, సెనేటులో 19–13 ఓట్లతో 1812 జూన్ 18కల్లా యుద్ధం ఖాయమైంది. ఓడల సొంతదారులైన న్యూ ఇంగ్లాండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాలు) మాత్రం ఎక్కువగా వద్దనే అంది. రెండు ఓడలు పోయినా మూడోది చేరితే లాభమే కదా, యుద్ధమొస్తే అదీ పోతుంది.

ప్రశ్న: ఆ ఆజ్ఞల్ని బ్రిటన్ ముందే రద్దు చేసిందట, నిజమేనా? (గృహిణి, విజయనగరం)

జవాబు: ముందు కాదు, యుద్ధం ప్రకటించాక అయిదు రోజులు ఆలస్యంగా. ప్రధాని పెర్సివల్ మే 11న హత్యకు గురికావడంతో లండన్‌లో పని కొంత కుంటుపడింది. రద్దు జూన్ 23న జరిగింది. ఆ కబురు అట్లాంటిక్ దాటడానికి వారాలు పట్టింది. ఆగస్టులో కెనడా సరిహద్దు సేనాపతులు తాత్కాలికంగా పోరు ఆపారు కూడా. ఇంప్రెస్‌మెంట్ సంగతి తేలనిదే కుదరదని అప్పటి అధ్యక్షుడు మాడిసన్ దాన్ని ఒప్పుకోలేదు.

ప్రశ్న: అమెరికా ఓడలు మన మద్రాసుకు కూడా వచ్చేవా? (పాఠకుడు, మచిలీపట్నం)

జవాబు: వచ్చేవి. అమెరికా, బ్రిటన్‌ల మధ్య కుదిరిన 1794 జే ఒప్పందంలోని 13వ అధికరణం బ్రిటిష్ ఇండియా రేవుల్లో వాటికి వ్యాపారానికి అనుమతిచ్చింది. ముఖ్యమైన షరతు, సరుకు నేరుగా అమెరికాకే పోవాలి.

ప్రశ్న: చివరికి ఈ గొడవలు తీరాయా? (ఇంటర్ విద్యార్థిని, కర్నూలు)

జవాబు: యుద్ధాన్ని ముగించడానికి 1814 డిసెంబరు 24న కుదిరిన గెంట్ ఒప్పందంలో ఇంప్రెస్‌మెంట్ గురించి ఒక్క ముక్క లేదు. నెపోలియన్‌తో పోరు ముగిశాక బ్రిటన్‌కు అంతమంది కళాసుల అవసరమే తగ్గిపోయింది. తెగలకు 1811 నాటి భూములూ హక్కులూ తిరిగిస్తామని 9వ అధికరణంలో రాశారు. అది అమలు కాలేదు. అడగాల్సిన టెకుమ్సే 1813 అక్టోబరు 5నే కెనడాలోని థేమ్స్ నది దగ్గర పోరులో చనిపోయాడు.